ఏటికొప్పాక లక్కపిడతలు: ఎవరికో కొన్నాను, నేనే ఆడుకున్నాను

ఆఫీసులో నా పక్క సీటు అమ్మాయి కూతురికి నాలుగో పుట్టినరోజు వస్తోందని ఈ సెట్టు కొన్నాను. ఇంకా ఇవ్వలేదు. ఇవ్వను కూడా.

ఉగాది వెళ్లిన ఆదివారం పొద్దున్నే మా విశాఖలో ఉరుములతో వాన పట్టుకుంది. కరెంటు పోయింది. ఫోన్లో చార్జింగ్ 12 శాతం. పెరట్లో మామిడి పిందెలు టపటపా రాలుతున్నాయి గానీ, ఏరుకుందామంటే పిడుగుల భయం. ఏమీ తోచక, గిఫ్టు పేపరు చుట్టేద్దామని అట్టపెట్టె తీశాను. అన్నీ ఉన్నాయో లేదో చూద్దామని మూత తెరిచాను.

పొయ్యి, గుండిగ, బిందె, చెంబు, గరిటె, అట్లకాడ, రోలు, రోకలి, తిరగలి. తిరగలి నా గుప్పిట్లో దాగిపోయేంత. పిడి పట్టుకుంటే పై రాయి నిజంగానే తిరుగుతోంది. వంటింట్లోంచి చిటికెడు గసగసాలు తెచ్చి గుంటలో వేసి తిప్పాను. ఒక్కటీ నలగలేదు, అన్నీ పక్కనుంచి జారి గచ్చు మీద పడ్డాయి. మళ్లీ వేలికి అద్దుకుని ఏరాను, మళ్లీ వేశాను.

ఈలోగా అమ్మ లేచి వచ్చింది. నేను గుండిగలో బియ్యపు గింజలు పోస్తుంటే చూసి, "అదేటే, ఎసరు పెట్టకుండా బియ్యం పోసేత్తన్నావు?" అంది. మోకాళ్ల నొప్పులని కింద కూర్చోవడం మానేసి రెండేళ్లయింది. పీట వేసుకుని కూర్చుంది. అటుకులూ బెల్లం తెచ్చుకున్నాం. ఆ గరిటెతో ఒకసారికి నాలుగు అటుకులే వస్తాయి. వడ్డించి, "పులుసు పోసుకో" అంది. లేని పులుసు పోసుకుని తిన్నాను. నా చిన్నప్పుడు కొత్త అమావాస్యకి అనకాపల్లి నూకాలమ్మ జాతరలో కొన్న సెట్టులో బిందె మూత ఎవరు పోగొట్టారన్న గొడవ మళ్లీ తేలింది. అమ్మ ఇప్పటికీ నేనే అంటుంది. కాదు, అన్నయ్య.

ఇక వస్తువు సంగతి. యలమంచిలి దగ్గర, వరాహ నది ఒడ్డునున్న ఏటికొప్పాకకే వెళ్లి కొన్నాను. అంకుడు కర్రతో చేస్తారు. తేలిక, మెత్తన, పట్టుకుంటే ఎక్కడా గరుకు తగలదు. మరమీద గిర్రున తిరిగే కర్రకి రంగు కలిపిన లక్క కడ్డీ ఆనిస్తే, ఆ రాపిడి వేడికే లక్క కరిగి అంటుకుంటుంది. కుంచెతో పూసే రంగు కాదిది. పసుపు కొమ్ములు, నీలి మొక్క, జాఫ్రా గింజల నుంచి తీసిన రంగులు వాడినవని చెప్పే ఇచ్చారు. తడిగుడ్డతో గట్టిగా తుడిచి చూశాను, అంటలేదు. 2017లో ఈ బొమ్మలకి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఇంతకుముందు సిటీలో ఒక షాపులో 'అదే ఇది' అని అంటగట్టిన సెట్టుకి ఒకటే పెయింటు వాసన, రెండో రోజుకి చేతులన్నీ ఎరుపు. దానికంటే ఇది వంద ఎక్కువైంది. ఫరవాలేదు.

లోపాలున్నాయి. బిందె మూత బాగా బిగుతు, వానకి ఇంకాస్త బిగుసుకుంది, నేనే పళ్లతో లాగాల్సి వచ్చింది. రోకలి మరీ చిన్నది, అన్నీ నోట్లో పెట్టుకునే వయసు పిల్లలకి వద్దు. నీళ్లలో నానబెట్టొద్దు, నిజం పొయ్యి దగ్గర అసలే పెట్టొద్దు, లక్క కదా. పెట్టె కూడా నాసిరకం, ఒక మూల అప్పుడే చిరిగింది. అందుకే అర స్టారు తగ్గించి నాలుగున్నర ఇస్తున్నాను. కొంటే మాత్రం షోకేసులో పెట్టకండి, అక్కడ దుమ్ము పట్టడానికి తప్ప ఎందుకూ పనికిరావు.

పక్క సీటు అమ్మాయి కూతురికి వచ్చే శనివారం వెళ్లి ఇంకోటి తెస్తాను. కరెంటు వచ్చాక సర్దుతుంటే రోకలి కనపడలేదు. సాయంత్రం పోపులపెట్టెలో, ఆవాల గిన్నెలో దొరికింది. అమ్మనడిగితే తనకేం తెలీదంది.