ఆ 34 డాలర్ల స్లో కుక్కర్ కొనే ముందు మా ఇంట్లో జరిగింది చదవండి

నీలం రంగు కుండ, గాజు మూత, ముందు గుండ్రటి నాబ్, 34 డాలర్లు. ఈ ఆరు క్వార్ట్‌ల స్లో కుక్కర్ (కరెంటు మీద గంటల తరబడి నెమ్మదిగా ఉడికించే కుండ) లింక్ ఈమధ్య మన తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో బాగా తిరుగుతోంది. నేనూ ఆ లింక్ చూసే కొన్నాను. కొన్న మూడో వారంలో ఒక రాత్రి మా వారు, ఎనిమిదేళ్ల మా బాబు ఇద్దరూ ఆగకుండా వాంతులు చేసుకున్నారు. ఇప్పుడు ఇద్దరూ బాగానే ఉన్నారు. కానీ మీ ఇంట్లో అలా జరగకూడదని రాస్తున్నాను. కాస్త పెద్ద పోస్టే, పిల్లలున్నవాళ్లు మాత్రం దయచేసి పూర్తిగా చదవండి.

మేము టెక్సస్‌లో, ఫ్రిస్కోలో ఉంటాం. ఇద్దరం ఉద్యోగాలకి ఏడున్నరకి బయల్దేరితే ఇంటికి చేరేసరికి ఆరవుతుంది. చిన్నప్పుడు మా అమ్మమ్మ వాళ్ల పెరట్లో దాలిగుంట ఉండేది. పొద్దున పిడకల సెగ మీద పాలకుండ పెడితే సాయంత్రానికి పాలు ఎర్రగా కాగి మందంగా మీగడ కట్టేవి. ఎవరూ దగ్గర కాపలా కూర్చోనక్కర్లేదు. స్లో కుక్కర్ గురించి వినగానే నాకు ఆ దాలే గుర్తొచ్చింది. పొద్దున అన్నీ వేసి వెళ్లిపోతే, వచ్చేసరికి వేడివేడిగా కూర ఉంటుంది కదా అని ఎంతో ఆశపడి కొన్నాను.

మొదటి రెండు వారాలు పప్పు, సాంబారు చేశాను. నాబ్ హై మీద పెట్టాను కాబట్టి ఎలాగో ఉడికాయి. మూడో వారం రాజ్మా. రాత్రంతా నానబెట్టి, పొద్దున ఆ నీళ్లు పారబోసి, ఉల్లిపాయ, టమాటా, అల్లం వెల్లుల్లి, మసాలా అన్నీ కుండలో వేసి, నాబ్ 'లో' (తక్కువ వేడి) మీద పెట్టి ఆఫీసుకి వెళ్లాను. అప్పుడు మా అత్తయ్య తెనాలి నుంచి వచ్చి మా దగ్గరే ఉన్నారు. మధ్యాహ్నం ఆవిడ ఫోన్ చేసి, "అమ్మాయ్, ఇది పెట్టి ఇంతసేపైంది, మూతకి చెమట పట్టలేదేంటి?" అన్నారు. నెమ్మదిగా ఉడకడమే దీని పద్ధతి అత్తయ్యా అని చెప్పి ఫోన్ పెట్టేశాను. నలభై ఏళ్లు పొయ్యి దగ్గర గడిపిన మనిషి మాట నేను పట్టించుకోలేదు. ఆ బాధ నాకు ఇంకా ఉంది.

ఆ రాత్రి ఏడింటికి అన్నంలో కలుపుకుని తిన్నారు. కూర చూడటానికి చక్కగానే ఉంది, గ్రేవీ చిక్కగా ఉంది. తొమ్మిది దాటేసరికి బాబుకి కడుపులో తిప్పడం మొదలైంది, పావుగంటకి మా వారికీ అంతే. అత్తయ్యకి ఆ రోజు ఏకాదశి, తినలేదు. నాకు ఆకలి లేక పెరుగన్నం తిన్నాను. అంటే రాజ్మా తిన్న ఇద్దరే పడిపోయారు. కుండలో మిగిలిన గింజ ఒకటి తీసి వేళ్లతో నొక్కి చూశాను. పైతొక్క జారిపోయింది. లోపల సుద్దముక్కలా తెల్లగా, పలుకుగా ఉంది.

వెంటనే పాయిజన్ కంట్రోల్‌కి, అంటే విషం తగిలినప్పుడు ఫోన్‌లో సలహా చెప్పేవాళ్లకి, ఫోన్ చేశాను. నంబరు 1-800-222-1222. అమెరికాలో ఎక్కడినుంచైనా, ఏ వేళలోనైనా ఉచితం. ఇది చదువుతున్నప్పుడే ఫోన్‌లో సేవ్ చేసుకోండి. అవతల మాట్లాడినావిడ ముందుగా అడిగిన ప్రశ్న, రాజ్మా కుక్కర్‌లో వేసే ముందు విడిగా మరిగించారా అని. లేదన్నాను. అప్పుడు ఆవిడ ఓపిగ్గా వివరించారు.

పచ్చి రాజ్మాలో ఫైటోహీమాగ్లుటినిన్ అనే విషపదార్థం సహజంగానే ఉంటుంది. ఎర్ర రాజ్మాలో మరీ ఎక్కువ. నాలుగైదు పచ్చి గింజలు తిన్నా చాలు, ఒకటి నుంచి మూడు గంటల్లో వాంతులు, తర్వాత విరేచనాలు పట్టుకుంటాయి. బాగా మరిగితే ఆ విషం పోతుంది. సగం వేడి తగిలితే మాత్రం పచ్చిగింజ కన్నా ప్రమాదం. 80 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఆగిపోతే విషం ఐదు రెట్ల దాకా పెరగొచ్చని అమెరికా ఆహార, మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ చెబుతోంది. అందుకే కనీసం ఐదు గంటలు నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, కొత్త నీళ్లలో అరగంట తెర్లనివ్వాలి, ఆ తర్వాతే స్లో కుక్కర్‌లో వేయాలి. మంచి కంపెనీ కుక్కరైనా సరే ఇదే పద్ధతి. డబ్బాలో వచ్చే రాజ్మా ముందే ఉడికించి ఉంటుంది కాబట్టి భయం లేదు. మనవాళ్లకి ప్రెషర్ కుక్కర్ అలవాటు కాబట్టి ఈ సంగతి మన ఇళ్లలో ఎప్పుడూ బయటపడలేదు. నాలుగు విజిల్స్ వచ్చేసరికి విషమూ పోతుంది, గింజా మెత్తబడుతుంది. ఇప్పుడు ఉలవచారుకైనా ఉలవల్ని ముందు ప్రెషర్ కుక్కర్‌లో పెట్టాకే ఏదైనా చేస్తున్నాను.

ఒంటిగంటకల్లా ఇద్దరూ తేరుకున్నారు. నోటికి కొంచెం కొంచెం ఓఆర్‌ఎస్ పడుతూ కూర్చున్నాను. మరిగించకుండా వేయడం నా తప్పే, ఒప్పుకుంటున్నాను. కానీ పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఉడికిన గింజ లోపల పలుకు ఎందుకు మిగిలింది? అది మాత్రం నన్ను వదల్లేదు.

శనివారం నీళ్ల పరీక్ష చేశాను. ఇది మీరందరూ చేయాలి. కుండలో సగానికి పైగా నీళ్లు పోసి, లో మీద పెట్టి, ఎనిమిది గంటలు మూత తీయకుండా వదిలేయండి. తర్వాత మూత తీయగానే, వేడి దిగకముందే, వంటింటి థర్మామీటర్ నీళ్ల మధ్యలో పెట్టి చూడండి. 185 నుంచి 200 డిగ్రీల ఫారెన్‌హీట్ మధ్య ఉండాలి, అంటే 85 నుంచి 93 సెల్సియస్. 185 కన్నా తక్కువైతే ఆ కుక్కర్‌ని నమ్మకూడదు. మాది 161 చూపించింది. థర్మామీటర్ తప్పేమోనని పక్కనే మరుగుతున్న నీళ్లలో పెడితే 211 చూపించింది. అంటే తప్పు కుక్కర్‌దే. మూత అంచు చుట్టూ వేలు తిప్పి చూస్తే ఒకవైపు సన్నటి సందు ఉంది, ఆవిరంతా అటే పోతోంది. అత్తయ్య అడిగిన చెమట పట్టకపోవడానికి కారణం అదే.

ఇక కుక్కర్ బోర్లించి అడుగున స్టిక్కర్ చదివాను. కొనేటప్పుడు చూడాల్సింది అది. యూఎల్ గానీ, ఈటీఎల్ గానీ, సీఎస్ఏ గానీ, అంటే ల్యాబ్‌లో భద్రత పరీక్షించారని చెప్పే ఏ గుర్తూ లేదు. సీఈ అని మాత్రం ఉంది. సీఈ యూరప్ మార్కెట్ కోసం తయారీదారు తనే వేసుకునే గుర్తు. అమెరికాలో ఏదో ల్యాబ్ పరీక్షించిందని దాని అర్థం కాదు. పగలంతా ఇంట్లో ఎవరూ లేనప్పుడు ప్లగ్‌లో ఉండే వస్తువు ఇది. యూఎల్ లాంటి ల్యాబ్ గుర్తు లేకుండా దయచేసి కొనకండి.

అమ్మినవాళ్లతో గొడవ ఇంకో కథ. ముందు వీడియో పంపమన్నారు, పంపాను. తర్వాత సగం డబ్బులిస్తాం, కుక్కర్ మీ దగ్గరే ఉంచుకోండి అన్నారు. నేను ఒక స్టార్ రివ్యూ పెట్టాక, అది తీసేస్తే 50 డాలర్ల గిఫ్ట్ కార్డ్ ఇస్తామని మెయిల్ వచ్చింది. కుక్కర్ ఖరీదు 34, రివ్యూ తీయడానికి 50! అక్కడున్న వందలాది ఐదు స్టార్లు ఎలా వచ్చాయో నాకు అప్పుడు అర్థమైంది. ఇలా బేరం మాట్లాడుతుండగానే రిటర్న్‌కి ఇచ్చిన 30 రోజులూ అయిపోయాయి. అదే వాళ్ల ఎత్తు. మీకు ఇలాంటిది ఎదురైతే మెయిళ్లతో కాలం గడపకుండా మొదటి రోజే రిటర్న్ పెట్టేయండి. నేను క్రెడిట్ కార్డ్ మీద కొన్నాను కాబట్టి బ్యాంకులో డిస్ప్యూట్ వేసి డబ్బులు తెచ్చుకున్నాను. స్టేట్‌మెంట్ వచ్చిన 60 రోజుల్లోపు రాతపూర్వకంగా అడగాలి, ఆ గడువు మర్చిపోకండి. కన్స్యూమర్ ప్రొడక్ట్ సేఫ్టీ కమిషన్ వాళ్ల సేఫర్‌ప్రొడక్ట్స్ డాట్ గవ్‌లో కూడా ఫిర్యాదు పెట్టాను. ఫోటోలు ముందే తీసిపెట్టుకోవడం వల్ల పని తేలికైంది.

ఇండియాకి తీసుకెళ్దామనుకునేవాళ్లకి ఒక మాట. మా ఆడపడుచు ఆ కుక్కర్ నాకు పంపేయ్ వదినా, ఇక్కడ వాడుకుంటాను అంది. వద్దన్నాను. ఇక్కడివి 120 వోల్ట్‌లకి చేసినవి. అక్కడ 230లో పెడితే కాయిల్ మీద మూడున్నర రెట్లకు పైగా పవర్ పడుతుంది. కుండ పగలొచ్చు, వైరు కాలొచ్చు. ఇక్కడైనా అక్కడైనా, మీరు ఇంట్లో లేనప్పుడు కరెంటు పోయి ఎంతసేపు పోయిందో తెలియకపోతే, కూర చూడటానికి ఎంత బాగున్నా పారేయండి. వచ్చేసరికి మైక్రోవేవ్ గడియారం మినుకుమినుకుమంటోందేమో చూసుకోండి.

ఇప్పుడు యూఎల్ గుర్తున్న ఇంకోటి కొన్నాను. నీళ్ల పరీక్షలో 194 వచ్చింది. మొదటిసారి అందులో నాటుకోడి పెట్టినప్పుడు అత్తయ్య రెండు గంటలకొకసారి వెళ్లి మూత వైపు చూసొచ్చారు. లోపలివైపు నీటిచుక్కలు వరసగా కారుతుంటే, "ఆఁ, ఇప్పుడు ఉడుకుతోంది" అన్నారు.

పాత కుక్కర్ పేజీ తీసేశారు. కానీ నిన్న రాత్రి వెతికితే అదే నీలం కుండ, అదే గాజు మూత, అదే ఫోటో, వేరే బ్రాండ్ పేరుతో మళ్లీ కనిపించింది. ఈసారి ధర 29 డాలర్లు. మీ గ్రూపుల్లో ఆ లింక్ వస్తే, దాని కిందే ఈ పోస్టు పెట్టండి.