‘క్రేట్ ట్రైనింగ్ అయిపోయింది’ అంటూ కుక్కపిల్లల్ని అమ్ముతున్నారు, వరంగల్ వాళ్లు జాగ్రత్త

హనుమకొండ, కాజీపేట, వరంగల్ చుట్టుపక్కల కుక్కపిల్లను కొందామని చూస్తున్నవాళ్లు దయచేసి ఇది పూర్తిగా చదవండి. కొంతకాలంగా ఫోన్లలో ఒక ప్రకటన తిరుగుతోంది. లాబ్రడార్, గోల్డెన్ రిట్రీవర్, షిట్జు పిల్లలు ఉన్నాయట. ‘60 రోజుల వయసు, వ్యాక్సిన్ వేశాం, పాటీ ట్రైనింగ్, క్రేట్ ట్రైనింగ్ అయిపోయింది, ఇల్లు గలీజు చేయదు’ అని రాస్తారు. పాటీ ట్రైనింగ్ అంటే చెప్పిన చోటే ఉచ్చ, దొడ్డికి పోవడం నేర్పడం. క్రేట్ అంటే కుక్క పడుకునే తలుపున్న బోను లాంటి పెట్టె, అందులో గలీజు చేయకుండా పడుకోవడం నేర్పడమే క్రేట్ ట్రైనింగ్. పిల్లకు ఒక ధర, ట్రైనింగ్‌కి, క్రేట్‌కి కలిపి ఇంకో ధర. మేం లాబ్రడార్ పిల్లకు 13,000, ఆ ప్యాకేజీకి 6,000 ఇచ్చాం.

ట్రైనింగ్ అబద్ధం. ఒట్టి అబద్ధమే అయితే డబ్బు పోయిందనుకుని ఊరుకునేదాన్ని. పిల్లకు సహజంగా ఉండే శుభ్రత అలవాటును బోనులో పెట్టి పోగొట్టి, దానికే ట్రైనింగ్ అని పేరు పెట్టి అమ్ముతున్నారు. అందుకే రాస్తున్నాను. ఫిర్యాదు నడుస్తోంది కాబట్టి అమ్మిన మనిషి పేరు, చోటు ఇక్కడ రాయడం లేదు.

మాకు పిల్లను చూపించింది కింద హాల్లో. అప్పుడే స్నానం చేయించి, పౌడర్ వాసనతో, కొత్త క్రేట్ పక్కన పెట్టారు. తలుపు తీయగానే అది గబగబా లోపలికి పోయి పడుకుంది. ‘చూశారా అక్కా, చెప్పకుండానే పోయింది’ అన్నాడు. తల్లి ఏదంటే ఊర్లో ఫామ్‌లో ఉందన్నాడు. ఆ తర్వాత గొడవ పెట్టుకోవడానికి పోయినప్పుడు మేడ మీదకు ఎక్కి చూశాం. రేకుల షెడ్డు, తీగల బోనులు ఒకదాని మీద ఒకటి, ఒక్కోదాంట్లో రెండు మూడు పిల్లలు, పై బోనులోది కింది బోను మీద పడుతోంది. ముక్కు మూసుకున్నా కళ్లు మండేంత వాసన. పుట్టినప్పటినుంచి బోను తప్ప వేరే చోటు తెలియని పిల్ల తలుపు తీస్తే ఎక్కడికి పోతుంది? బోనులోకే పోతుంది. మాకు చూపించిన ట్రైనింగ్ అదే.

ఇంటికి వచ్చిన రాత్రే చిట్టి (మా బాబు పెట్టిన పేరు) క్రేట్‌లో ఉచ్చ పోసి, దొడ్డికి కూడా పోయి, దాని మీదే పడుకుంది. అన్నింటికన్నా నాకు భయం వేసింది అది ఏడవకపోవడం చూసి. మామూలు పిల్లకు తడి తగిలితే కుయ్యిమంటుంది, పక్కకు జరుగుతుంది. ఇది కదల్లేదు. తెల్లారి చూస్తే దాన్నే తింటోంది.

ఫోన్ చేస్తే ఆయన సలహాలు ఇచ్చాడు. ‘టెన్షన్ తీసుకోకండి అక్కా, కొత్త చోటు కదా’ అంటూ మూడు మాటలు చెప్పాడు. రాత్రి ఎంత అరిచినా తలుపు తీయొద్దు. సాయంత్రం అయిదు దాటితే నీళ్లు పెట్టొద్దు. బోనులో చేస్తే ముక్కు దానికి రుద్ది, పేపరు చుట్టి ఒకటి వేయాలి. ఇవే మాటలు మీకూ చెప్తే ఒక్కటీ వినకండి. రెండు నెలల పిల్ల మహా అయితే మూడు గంటలు ఆపుకోగలదు, అది కూడా నిద్రలో. రాత్రి అరిచిందంటే బయటికి తీసుకుపొమ్మని అడుగుతోందని అర్థం. ఆ అరుపు మానిపించడమంటే అడగడం మానిపించడమే. నీళ్లు ఆపితే, అందులోనూ విరేచనాలతో ఉన్న పిల్ల, గంటల్లో నీరసించి పడిపోతుంది. ఇక ముక్కు రుద్దితే, కొడితే అది నేర్చుకునేది ఒకటే, మనుషుల ముందు చేయకూడదని. మంచం కిందకు, సోఫా వెనక్కు పోయి చేస్తుంది.

ముందుగా అసలు సంగతి కనిపెట్టింది మా అత్తమ్మ. ఊర్లో బర్రెల్ని, మేకల్ని పెంచిన మనిషి. చిట్టి బొంత అంచు నోట్లో పెట్టుకుని, ముందు కాళ్లతో నొక్కుతూ చీకుతుంటే చూసి, ‘ఇది ఇంకా పాలు మరువలేదు బిడ్డా, దీనికి రెండు నెలలు యాడివి’ అన్నది. పశువైద్యుడి దగ్గరకు తీసుకుపోతే ఆయన పళ్లు చూసి అదే మాట చెప్పారు. వెనక పాలపళ్లు ఇంకా పూర్తిగా రాలేదు, ఆరు వారాలు కూడా నిండలేదన్నారు. పొట్ట కింద, తొడల లోపలి వైపు ఎర్రగా చీరుకుపోయినట్టు ఉన్నవి మూత్రపు తడిలో పడుకుని పడుకుని వచ్చిన పుండ్లు. స్నానం, పౌడర్ వాటిని దాచడానికే. కడుపు ఉబ్బరం కడుపులోని నులిపురుగులవల్ల.

డాక్టర్ సార్ చెప్పిన ఒక విషయం కొనేవాళ్లందరికీ తెలియాలి. కుక్కపిల్లకు మొదటి రెండు మూడు వారాలు తల్లి నాకితే తప్ప మూత్రం, మలం రావు. తల్లే నాకి శుభ్రం చేస్తుంది కాబట్టి పడుకునే చోటు పొడిగా ఉంటుంది. మూడు వారాలు దాటి కాళ్లు నిలిస్తే, అవి వాటంతట అవే పడక వదిలి కొంచెం దూరం పోయి చేయడం మొదలుపెడతాయి. అయిదు వారాల నుంచి తొమ్మిది వారాల లోపు ‘ఇక్కడ చేయాలి, ఇక్కడ పడుకోవాలి’ అన్న తేడా, మట్టి, గడ్డి, పేపర్లలో దేని మీద చేయాలన్న అలవాటు గట్టిపడతాయి. క్రేట్ ట్రైనింగ్ అన్నది నిలబడేదే ఈ తేడా మీద. పడుకునే చోటు పాడు చేయకూడదన్న గుణం పిల్లలో ఉంటేనే క్రేట్ పనికొస్తుంది. సరిగ్గా ఆ వయసులో పక్కకు జరిగే చోటు లేకుండా బోనులో పెడితే, పడక మీదే చేసి, అందులోనే పడుకోవడం దానికి అలవాటైపోతుంది. తర్వాత ఎంత ఖరీదైన క్రేట్ కొన్నా అది ఇంకో మరుగుదొడ్డే అవుతుంది. కాబట్టి ఆరు వారాల పిల్లకు క్రేట్ ట్రైనింగ్ అయిపోయిందని ఎవరన్నా అంటే ఆ మాటే చాలు, అక్కడ కొనకండి. ఆ వయసుకు ఎవరూ పూర్తి చేయలేరు.

హాస్పిటల్‌లో ఇంకొకటి తెలిసింది. పక్కన కూర్చున్న అన్న పరకాల వైపు నుంచి వచ్చాడు. ఆయన చేతిలోనూ మా లాంటి వ్యాక్సిన్ కార్డే. అదే చేతిరాత, అదే గీత లాంటి సంతకం. డాక్టర్ స్టాంపు లేదు, రిజిస్ట్రేషన్ నంబర్ లేదు, వ్యాక్సిన్ సీసా మీది స్టిక్కర్ అతికించి లేదు. కార్డులో ఉన్న తేదీ ప్రకారం లెక్కేస్తే మా పిల్లకు నాలుగు వారాలప్పుడే వ్యాక్సిన్ వేసినట్టు. నిజంగా వేసినా ఆ వయసులో తల్లి నుంచి వచ్చిన రోగనిరోధక శక్తి అడ్డుపడి అది పనిచేయకపోవచ్చు. ఆ అన్న పిల్లకు పార్వో, అంటే కుక్కపిల్లల ప్రాణం తీసే వైరస్ రోగం. వాంతులు, రక్త విరేచనాలు, సెలైన్ ఎక్కుతోంది. అది బతకలేదు.

పార్వో వైరస్ నేల మీద, బోను మీద, చెప్పుల మీద నెలల తరబడి బతుకుతుంది. మామూలు ఫినాయిల్‌తో తుడిస్తే వాసన పోతుంది కానీ ఈ వైరస్ చచ్చిందని నమ్మలేం. వాళ్లిచ్చిన క్రేట్‌ని, పాత గిన్నెల్ని, గుడ్డల్ని ఇంట్లోకి తేకండి. తెచ్చి ఉంటే ముందు సబ్బు నీళ్లతో మురికి మొత్తం కడిగి, తర్వాత ఒక వంతు బ్లీచ్‌కు (పొడి కాదు, సీసాలో దొరికే ద్రవం) ముప్పై వంతుల నీళ్లు కలిపి తడిపి, పది నిమిషాలు అలాగే ఉంచి కడిగి, ఎండలో ఆరబెట్టండి. మూత్రం మీద నేరుగా బ్లీచ్ పోయొద్దు. మూత్రంలోని అమ్మోనియాతో కలిస్తే ఊపిరికి హాని చేసే గ్యాస్ వస్తుంది. తలుపులు మూసిన బాత్రూంలో అసలే వద్దు. బ్లీచ్ వాసన పూర్తిగా పోయాకే పిల్లను దగ్గరకు రానివ్వండి.

కొనడానికి పోయినప్పుడు పిల్ల ముద్దుగా ఉందని చూసి ఆగిపోకుండా, పుట్టిన చోటు చూపించమనండి. తల్లిని చూపించనంటే తిరిగి వచ్చేయండి. పాదాల కింద, తోక దగ్గర, వెనక కాళ్ల వెంట్రుకలు పసుపు రంగుకు తిరిగాయేమో చూడండి, ఆ మరక ఒక స్నానంతో పోదు. వెల్లకిలా తిప్పి పొట్ట చూడండి. చెప్పకుండా తెల్లవారుజామునే పోగలిగితే ఇంకా మంచిది, రాత్రంతా బోను ఎలా ఉందో అప్పుడే తెలుస్తుంది. డబ్బు మాత్రం మీకు నచ్చిన పశువైద్యుడికి చూపించాకే ఇస్తామనండి. మామునూరులోనే పశువైద్య కళాశాల ఉన్న ఊరు మనది, డాక్టర్‌కు చూపిద్దామంటే వెనకాడే మనిషి దగ్గర కొనాల్సిన అవసరం లేదు. బస్సులో వేసి పంపిస్తాం, ముందు అడ్వాన్స్ కొట్టండి అనేవాళ్ల జోలికి పోనే పోకండి.

ఇప్పటికే ఇలాంటి పిల్ల ఇంట్లో ఉన్నవాళ్లు దాన్ని వదిలేయకండి. అలవాటు మారుతుంది, టైమ్ పడుతుంది. మా డాక్టర్ ముందుగా క్రేట్ తీసేయించారు. దాని బదులు వంటింటి పక్కన ఒక మూలకు జాలీ అడ్డం పెట్టాం. ఒక వైపు పొడి బొంత, అవతలి చివర ఇటుకల మధ్య మట్టి పోసిన ట్రే. వ్యాక్సిన్లు పూర్తికాని పిల్లను వీధి కుక్కలు తిరిగే చోట దింపకూడదు కాబట్టి మట్టినే ఇంట్లోకి తేవాలి, అది కూడా కుక్కలు తిరగని చోటు నుంచి. లేవగానే, తిన్న కాసేపటికి, ఆడాక, మిగతా సమయంలో గంటకోసారి ఆ ట్రే దగ్గరకు తీసుకుపోవాలి. అక్కడ చేసిన మరుక్షణమే మెచ్చుకుని ఒక చిన్న ముక్క పెట్టాలి. ట్రే దగ్గర నుంచి వచ్చేశాక పెడితే ఎందుకు పెట్టారో దానికి తెలియదు. వేరే చోట చేస్తూ మధ్యలో పట్టుబడితే మనం అరవకుండా ఎత్తుకుని ట్రేలో దింపాలి, అంతే. బొంత తడిసిన ప్రతిసారీ మార్చాలి. ఇది విసుగు పుట్టించే పని, కానీ పడక పొడిగా ఉంటే ఎంత హాయో దానికి తెలియడం ఇక్కడినుంచే మొదలవుతుంది.

గలీజు అయిందని రోజూ స్నానం చేయించొద్దు. ఈ చలికి అంత చిన్న పిల్ల ఒంట్లో వేడి నిలవదు. గోరువెచ్చని నీళ్లలో పిండిన గుడ్డతో తుడిచి, వెంటనే ఆరిపోయేలా పొడి గుడ్డతో ఒత్తితే చాలు. మన సబ్బులు, షాంపూలు వద్దు. నేల మీద చేసిన చోట ఎంజైమ్ క్లీనర్ (మూత్రపు వాసనను మూలం నుంచి పోగొట్టే ద్రవం) వాడండి, అమ్మోనియా ఉన్నవి వాడితే అది కూడా మూత్రపు వాసనే అనుకుని మళ్లీ అక్కడికే వస్తుంది.

పడక తడపకుండా ఉండడం అలవాటయ్యాకే మళ్లీ క్రేట్ పెట్టాం. నిలబడి, తిరిగి, కాళ్లు చాపి పడుకునేంత చోటు ఉండాలి, అంతకన్నా పెద్దదైతే ఒక మూల పాటీకి, ఒక మూల నిద్రకు అయిపోతుంది. పెద్దది కొనేశాం అనేవాళ్లు మధ్యలో అడ్డుపలక పెట్టి, పిల్ల పెరిగేకొద్దీ జరపండి. చాలా రోజులు తలుపు వేయకుండా అన్నం లోపలే పెట్టాలి. ఎండాకాలం మన దగ్గర ఎలా కాలుతుందో చెప్పక్కర్లేదు, బాల్కనీలో, మేడ మీద, రేకుల కింద మాత్రం క్రేట్ పెట్టకండి.

చట్టం సంగతి కూడా తెలుసుకోండి. 2017లో వచ్చిన కుక్కల పెంపకం, అమ్మకం నిబంధనల ప్రకారం ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదు. పెంచి అమ్మేవాళ్లు రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డులో రిజిస్టర్ అయి ఉండాలి. 2018 నిబంధనల ప్రకారం పెట్ షాపులకూ రిజిస్ట్రేషన్ కావాలి. ఆ సర్టిఫికెట్ అడగడం మన హక్కు. మోసపోయినవాళ్లు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయొచ్చు, రెండేళ్ల లోపు జిల్లా వినియోగదారుల కమిషన్‌కు పోవచ్చు. దానికోసం ఫోన్‌లో పంపిన డబ్బు రసీదు, ప్రకటన స్క్రీన్‌షాట్, వాళ్ల మెసేజ్‌లు, కార్డు, డాక్టర్ రాసిచ్చిన వయసు కాగితం జాగ్రత్తగా పెట్టుకోండి. మేం పోయినప్పుడు ఆయన ముందుగా అడిగింది కార్డు వెనక్కి ఇమ్మనే. ఇవ్వలేదు.

మా పిల్లతో పాటు ఉన్నవాటిని పరకాలకే కాక కరీంనగర్, జనగామ వైపు కూడా అమ్మినట్టు ఆయన నోటే విన్నాం. ఈ మధ్య ‘క్రేట్ ట్రైనింగ్ ప్యాకేజీ’ పేరుతో తీసుకున్నవాళ్లు ఉంటే, పిల్ల హుషారుగా ఉన్నా సరే కార్డు మీద స్టిక్కర్, స్టాంపు ఉన్నాయో లేదో ఇప్పుడే చూడండి. లేకపోతే దానికి వ్యాక్సిన్ వేయలేదనే అనుకుని రేపే డాక్టర్ దగ్గరకు తీసుకుపోండి. తిండి మానేసినా, వాంతి చేసుకున్నా, విరేచనంలో రక్తం కనిపించినా రేపటిదాకా కూడా ఆగొద్దు.