బెజవాడ ఎండలో క్రియాటిన్: ఫ్రిజ్జా, వంటగదా, బీరువానా?

మే నెలలో పటమటలో మేడ మీది పోర్షన్‌లో ఉండటమంటే ఏమిటో ఉన్నవారికే తెలుస్తుంది. రాత్రి పది గంటలకు కూడా పడమటి గోడకు చెయ్యి ఆనించలేం. అలాంటి ఇంట్లో, కొత్తగా కొన్న క్రియాటిన్ (కండబలం కోసం జిమ్‌కు వెళ్లేవారు నీళ్లలో కలుపుకుని తాగే తెల్లని పొడి) డబ్బా చేత్తో పట్టుకుని ఎక్కడ పెట్టాలో తోచక నిలబడ్డాను. జిమ్‌లో తోటివారు ఫ్రిజ్‌లో పెట్టమన్నారు. అమ్మ స్టీలు డబ్బాలో పోసి వంటగదిలో సర్దేస్తానంది. డబ్బా మీద మాత్రం ‘చల్లని, పొడి ప్రదేశంలో ఉంచండి’ అని అచ్చు వేసి ఉంది. బెజవాడ వేసవిలో చల్లగానూ పొడిగానూ ఉండే చోటు ఏసీ ఉన్న బ్యాంకు ఒక్కటే కనిపించింది. అక్కడ లాకరు అద్దెకు తీసుకునేంత సరుకు కాదిది.

ఆ రెండు మాటల్లో ఒకటే దక్కుతుందంటే ‘పొడి’నే పట్టుకోవాలి. మామూలుగా దొరికే రకమైన క్రియాటిన్ మోనోహైడ్రేట్ పొడి రూపంలో ఉన్నంతకాలం చాలా మొండిది. 40 డిగ్రీల వేడిలో మూడేళ్లకు పైగా ఉంచి పరీక్షించినా చెడిన ఆనవాలు దొరకలేదు. 60 డిగ్రీల దగ్గర ఉంచితే, 44 నెలలు గడిచాక పది లక్షల భాగాల్లో 106 భాగాలు మాత్రమే క్రియాటినిన్‌గా, అంటే కండరాలకు పనికిరాని పదార్థంగా, మారినట్టు తేలింది. మన ఎండ ఎంత మండినా మూడున్నరేళ్లపాటు రాత్రింబవళ్లు 60 డిగ్రీలు ఉండదు కదా! కాబట్టి వేడి గురించిన భయంలో ఎక్కువ భాగం ఉత్తదే.

ఈ భయం ఎక్కడ నుంచి వచ్చిందో ఊహించగలను. కృష్ణ దాటి గుంటూరు వైపు వెళితే మిర్చి కోసం కట్టిన కోల్డ్ స్టోరేజీలు వరసగా కనిపిస్తాయి. కాయ రంగు వెలిసిపోకుండా, పురుగు పట్టకుండా రైతులు అక్కడ దాచుకుంటారు. సరుకు నిలవ ఉండాలంటే చలి కావాలన్న లెక్క అలా మన బుర్రల్లో స్థిరపడింది. మిర్చికి ఆ లెక్క సరిపోతుంది. క్రియాటిన్‌కు సరిపోదు సరికదా, కొంత నష్టం కూడా చేస్తుంది.

ఆ నష్టం ఎలాగో నాకు ఫ్రిజ్ నేర్పింది. మొదటి డబ్బాను జిమ్ మిత్రుల మాట విని అందులోనే పెట్టాను. పొద్దున అయిదున్నరకు తీయడం, మూత తిప్పడం, ఒక చెంచా తీసుకోవడం, మళ్లీ లోపల పెట్టేయడం. ఫ్రిజ్‌లోంచి తీసిన నీళ్ల సీసాకు రెండు నిమిషాల్లో ఎలా చెమట పడుతుందో చూస్తూనే ఉంటాం. నది పక్క ఊరు, సముద్రం కూడా మరీ దూరం కాదు. ఇక్కడి గాలిలో తడికి కొదవ లేదు. చల్లని డబ్బా మూత తీయగానే ఆ గాలి లోపలికి దూరి, చల్లని పొడి మీదా గోడల మీదా నీరుగా దిగుతుంది. రోజూ ఇదే తంతు. నెల తిరిగేసరికి అడుగున పొడి పటికబెల్లం ముక్కలా బిగుసుకుపోయింది. బయటికి తీసి, డబ్బా గది వేడికి వచ్చేదాకా ఆగి మూత తెరిస్తే ఈ బాధ ఉండదు. కానీ నిద్ర కళ్లతో అంత ఓపిక ఎవరికి ఉంటుంది?

వంటగది సంగతి కూడా అంతకన్నా మెరుగు కాదు. కుక్కరు ఆవిరి, అన్నం వార్చిన గంజి ఆవిరి, సింకు తడి అన్నీ అక్కడే. వానాకాలంలో ఉప్పు డబ్బా అడుగు చెమ్మగిల్లి నీరు కారడం చూసినవారికి వేరే సాక్ష్యం అక్కర్లేదు. క్రియాటిన్ ఉప్పంత చురుగ్గా చెమ్మను లాగదు, నిజమే. అయినా మన స్టీలు డబ్బాల మూతలు గాలి ఆడకుండా బిగిసేవి కావు. వాటి చుట్టూ పొద్దున్నా సాయంత్రం ఆవిరి ఆడుతుంటే పొడి ఎన్నాళ్లు పొడిగా ఉంటుంది?

స్టీలు డబ్బాతో మరో చిక్కు కూడా ఉంది, అది మా ఇంట్లోనే బయటపడింది. ఉప్పు, మైదా, వంట సోడా, క్రియాటిన్, అన్నీ తెల్లగానే ఉంటాయి. ఒకరోజు ఉప్మా ఎంత తిన్నా ఉప్పు తగలలేదు. “నాన్నా, కొత్త ఉప్పు పాకెట్ బాగాలేదు, కొట్టువాడికి తిరిగి ఇచ్చేయి” అంది అమ్మ. ఆ ఉప్మా తిన్న మా నలుగురికీ ఏమీ కాలేదు కానీ, ఇంట్లో మూత్రపిండాల జబ్బు ఉన్నవారెవరైనా ఉంటే దీన్ని నవ్వులాటగా తీసుకోలేం. పైగా డబ్బా మారిస్తే దానిమీది గడువు తేదీ, బ్యాచ్ నంబరు, ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (ఆహార భద్రతా సంస్థ) లైసెన్సు నంబరు అన్నీ చెత్తబుట్టలోకి పోతాయి. సరుకు మీద అనుమానం వస్తే అడగడానికి చేతిలో ఆధారం మిగలదు.

రబ్బరు వలయం ఉన్న గాజు సీసా స్టీలు డబ్బా కన్నా చాలా నయం. గాజు చెమ్మను పీల్చదు, మూత బిగుస్తుంది. పాకెట్‌లో వచ్చే సరుకు కొన్నవారికి, ముఖ్యంగా పైనున్న జిప్పు సరిగా పడనప్పుడు, ఇదే దారి. పాకెట్ మీది చీటీ కత్తిరించి సీసాకు అంటించాలి. సీసా నున్నగా తుడిచినట్టు కనిపించినా ఒక రోజంతా ఆరబెట్టాకే పోయాలి.

నా ఓటు మాత్రం సొంత డబ్బాకే, అదీ పడక గది బీరువాలో. లోపలున్న సిలికా జెల్ పొట్లాన్ని పారేయకూడదు. చెమ్మను పీల్చేది అదే. బీరువా పడమటి గోడకు ఆనుకుని లేకపోతే మరీ మంచిది. సింగ్‌నగర్ వైపు కింది అంతస్తులో ఉండేవారికి ఒక మాట: 2024 సెప్టెంబరులో బుడమేరు నీళ్లు ఇళ్లలోకి వచ్చిన రోజులు గుర్తుంటే డబ్బాను పై అరలోనే పెడతారు. వరద నీళ్లు తగిలిన డబ్బా సీలు తీయనిదైనా వాడకూడదు.

చెంచా విషయం మనకు ఎవరూ చెప్పనక్కర్లేదు. ఆవకాయ జాడీలో తడి గరిటె పెడితే అమ్మమ్మ ఎంత గొడవ చేసేదో ఈ డబ్బా దగ్గరా అంతే గొడవ చేయాలి. నీళ్లు కలిపిన గ్లాసులో స్కూపును ముంచి, మళ్లీ డబ్బాలో పడేసేవారిని జిమ్‌లో చాలామందిని చూశాను. ఫ్రిజ్ నెల రోజుల్లో చేసిన పనిని ఈ అలవాటు వారంలో చేసిపెడుతుంది.

కిలో డబ్బానా, 250 గ్రాములదా అంటే, రోజుకు 5 గ్రాముల చొప్పున చిన్నది 50 రోజులకు, పెద్దది 200 రోజులకు వస్తుంది. కిలో కొంటే గ్రాము ధర తగ్గుతుంది. కానీ జూన్‌లో తెరిస్తే ఆ డబ్బా నైరుతి వానలు, ఈశాన్య వానలు రెండింటినీ మూత తీసీ వేసీ దాటాలి. ఇంట్లో ఇద్దరు వాడితే కిలో, ఒక్కరైతే చిన్నది అని నేను తేల్చుకున్నాను. ఉండలు కట్టినంత మాత్రాన పారేయనక్కర్లేదు. చిదిపితే పొడి అవుతుంది. రంగు మారినా, వాసన వచ్చినా, బూజు కనిపించినా పారేయడమే.

అసలు జాగ్రత్త పడాల్సింది నీళ్లలో కలిపాకే. కరిగిన క్రియాటిన్ నెమ్మదిగా క్రియాటినిన్‌గా మారుతుంది, పులుపు పెరిగేకొద్దీ వేగంగా మారుతుంది. పులుపును కొలిచే పీహెచ్ అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువని అర్థం. 25 డిగ్రీల దగ్గర మూడు రోజులు ఉంచితే పీహెచ్ 5.5 ఉన్న ద్రావణంలో 4 శాతం, 4.5 ఉన్నదాంట్లో 12 శాతం, 3.5 ఉన్నదాంట్లో 21 శాతం పోయినట్టు తేలింది. మన మజ్జిగ పులుపు ఇంచుమించు ఆ మధ్య అంకె దగ్గర ఉంటుంది. నిమ్మరసం ఇంకా పుల్లన. కలిపి వెంటనే తాగేవారికి మజ్జిగయినా నిమ్మనీళ్లయినా ఒకటే, అరగంటలో పోయేది లెక్కలోకి రాదు. రాత్రే కలిపి ఉంచుకోవాల్సి వస్తే మంచినీళ్లలో కలిపి ఫ్రిజ్‌లో పెట్టుకోవచ్చు. చలి ఆ మార్పును నెమ్మదింపజేస్తుంది కాబట్టి, ఫ్రిజ్‌కు ఈ కథలో ఉన్న ఒకే ఒక్క పని అది. చల్లని నీళ్లలో క్రియాటిన్ తక్కువ కరుగుతుంది; అడుగున తెల్లగా పేరుకుంటే పాడైందనుకోకుండా కుదిపి తాగేయాలి. పొద్దున నిమ్మనీళ్లలో కలిపి, బెంజ్ సర్కిల్ దగ్గర ఎండలో నిలిపిన స్కూటరు డిక్కీలో సీసా వదిలేసి, సాయంత్రం జిమ్‌కు పట్టుకెళ్లే మిత్రుడు నాకొకడున్నాడు. ఇంట్లో అతని డబ్బా మాత్రం ఫ్రిజ్‌లో భద్రంగా ఉంటుంది.