జైసల్మేర్ ఎడారిలో ‘లగ్జరీ వైల్డ్‌లైఫ్ సఫారీ లాడ్జి’ బుక్ చేస్తున్నారా? డబ్బు కట్టే ముందు ఇది చదవండి

రాజస్థాన్‌లో జైసల్మేర్ దగ్గర ‘డెజర్ట్ నేషనల్ పార్క్‌లో లగ్జరీ సఫారీ లాడ్జి’ అన్న ప్రకటన చూసి ఈ చలికాలానికి బుక్ చేసుకోబోతున్నవాళ్లు కాస్త ఆగండి. మాకు అక్కడ దొరికింది వన్యప్రాణుల సఫారీ కాదు. ఇసుక దిబ్బల మీద జీపు షికారు, ఒంటె సవారీ, రాత్రి డీజే పార్టీ, వీటికి వైల్డ్‌లైఫ్ అని పేరు తగిలించి మూడింతల రేటు పెట్టి అమ్మారు. రాత్రికి 18,000, దానిపైన జీఎస్టీ, పిల్లలతో, మా అత్తయ్యగారితో హైదరాబాద్ నుంచి అంత దూరం ప్రయాణం. లాడ్జి పేరు ఇక్కడ రాయను, ఫిర్యాదు ఇంకా నడుస్తోంది. అయినా అది ఒక్కచోటి సంగతే అయితే ఇంత పొడుగు రాసేదాన్ని కాదు. తిరిగొచ్చాక వెతికితే ఇవే మాటలు, ఇవే బట్టమేక పిట్ట (గ్రేట్ ఇండియన్ బస్టర్డ్) ఫొటోలు పెట్టుకున్న ప్రకటనలు ఇంకా కనబడ్డాయి.

ముందు ఆ పార్కు గురించి కొంచెం చెప్పాలి, లేకపోతే మోసం ఎక్కడుందో అర్థం కాదు. డెజర్ట్ నేషనల్ పార్క్ జైసల్మేర్, బాడ్‌మేర్ జిల్లాల్లో 3,162 చదరపు కిలోమీటర్ల మేర ఉంది. 1980లో అభయారణ్యంగా నోటిఫై చేశారు. నేషనల్ పార్క్ అని పిలుస్తారు గానీ చట్టం లెక్కలో అది ఇప్పటికీ అభయారణ్యమే, అందుకే లోపల ఊళ్లున్నాయి, పొలాలున్నాయి, మేకల మందలు తిరుగుతుంటాయి. కాబట్టి ‘మా లాడ్జి పార్కు లోపలే ఉంది’ అని ఎవరైనా అంటే అది అబద్ధం కాకపోవచ్చు కూడా. కానీ పార్కు హద్దులో ఉండటం వేరు, జంతువులు ఉన్నచోట ఉండటం వేరు. మనం ఫొటోల్లో చూసే ఎత్తైన ఇసుక దిబ్బలు పార్కులో కొంత భాగమే. మిగతాదంతా రాతి నేల, గులకరాళ్ల మైదానం, సేవణ్ గడ్డి పెరిగే బయళ్లు. చింకారా జింకలు, ఎడారి నక్కలు, గద్దలు, బట్టమేకలు ఉండేది ఆ గడ్డి బయళ్లలో, సుదాసరి లాంటి కంచె వేసి కాపాడుతున్న చోట్ల. జైసల్మేర్‌కు 40 కిలోమీటర్ల దూరంలో ఉన్న సమ్ ఇసుక దిబ్బల దగ్గర మాత్రం సాయంత్రమయ్యేసరికి జీపులు, ఒంటెలు, మైకులు, జనం. అక్కడ ఏ జంతువు నిలుస్తుంది చెప్పండి. మా లాడ్జి సరిగ్గా అక్కడే ఉంది. వాళ్ల వెబ్‌సైట్‌లో పెట్టిన మ్యాపులో గుర్తు మాత్రం అక్కడికి చాలా దూరంగా, పచ్చటి గీతల మధ్య ఉంది.

మేం ఇంత పట్టుబట్టి వెళ్లడానికి కారణం అత్తయ్యగారు. ఆవిడ పుట్టిల్లు నందికొట్కూరు వైపు. చిన్నప్పుడు వాళ్ల కొర్రచేలలో బట్టమేక పిట్టలు తిరిగేవని, మనిషి నడుము ఎత్తున ఉండి తలెత్తి చూసేవని ఎన్నిసార్లు చెప్పారో. ఆ పిట్ట కోసమే 1988లో రోళ్లపాడులో అభయారణ్యం పెట్టారు, ఇప్పుడు అక్కడ అది దాదాపు కనుమరుగైపోయింది. దేశం మొత్తం మీద అడవిలో మిగిలినవి 150 లోపే అంటున్నారు, వాటిలో ఎక్కువ భాగం ఈ జైసల్మేర్ ఎడారిలోనే. ఏడాదికి సాధారణంగా ఒక్కటే గుడ్డు పెడుతుంది, అదీ నేల మీద. బరువైన పిట్ట, ఎదురుగా ఉన్నది సరిగ్గా కనబడదు, కరెంటు తీగలకు గుద్దుకుని చచ్చిపోతోంది. సుప్రీంకోర్టు 2021లో తీగలు భూమిలో వేయమనడం, 2024లో ఆ ఉత్తర్వును మార్చి నిపుణుల కమిటీ వేయడం పేపర్లలో చదివే ఉంటారు. అలాంటి పిట్టను ‘మా సఫారీలో తప్పకుండా చూపిస్తాం’ అని లాడ్జి వాళ్లు ఫోన్లో చెప్పారు. వాట్సాప్‌లో రాసి కూడా పంపారు. ఈ ఒక్క మాట ఎవరన్నా సరే, అక్కడితో బేరం ఆపేయండి. అడవిలో తిరిగే ప్రాణిని తప్పకుండా చూపిస్తానని ఎవరూ అనలేరు.

గది సంగతి త్వరగా చెప్పేస్తాను. ఫొటోలో ఒంటరిగా, ముందు విశాలమైన మైదానంతో ఉన్న టెంటు నిజంగా వరసగా వేసిన చాలా టెంట్లలో ఒకటి. పక్క టెంటులో దగ్గితే మనకు వినిపిస్తుంది. మా ‘వైల్డ్‌లైఫ్ వ్యూ’ కిటికీ జిప్పు తీస్తే ఎదురుగా జనరేటరు, దాని పక్కన డీజిల్ డబ్బాలు, వంటింటి చెత్త. వేడినీళ్లు పొద్దున ఒక గంటే, అదీ బకెట్‌లో తెచ్చిస్తారు. డిసెంబరు, జనవరిలో అక్కడ రాత్రిళ్లు ఒక్కోసారి 5 డిగ్రీల దగ్గరికి పడిపోతుంది, హీటరు అడిగితే విడిగా డబ్బు కట్టమన్నారు. పెద్దవాళ్లను తీసుకెళ్లేవాళ్లు హీటరు, వేడినీళ్ల సంగతి రాతపూర్వకంగా తేల్చుకోండి. తిండి బాగానే ఉంది, కేర్ సాంగ్రీ కూర, బాజ్రా రొట్టె పిల్లలు కూడా ఇష్టంగా తిన్నారు, వండినవాళ్ల తప్పేం లేదు.

అసలు సంగతి సఫారీ. సాయంత్రం ఓపెన్ జీపు వచ్చింది, నేచురలిస్ట్, అంటే జంతువులు, పిట్టల గురించి తెలిసి వివరించేవాడు, వస్తాడని వోచర్‌లో ఉంది, వచ్చింది డ్రైవరు ఒక్కడే. ఎక్కించుకుని తిన్నగా ఇసుక దిబ్బల మీదికి తీసుకెళ్లి, పైనుంచి కిందికి దూకించడం, పక్కకు వాల్చడం మొదలుపెట్టాడు. సీటు బెల్టులు లేవు, పట్టుకోవడానికి ఒక ఇనుప కడ్డీ. అత్తయ్యగారు వద్దు వద్దు అని అరిచాక ఆపాడు. ఇది కాదు బాబూ, జంతువుల సఫారీ కదా అని మా ఆయన వోచర్ చూపిస్తే, అది కావాలంటే వేరే, ఇంకో 2,000 ఇవ్వండి, జింకల్ని చూపిస్తా అన్నాడు. ఆ మాటే లాడ్జికి ఫోన్ చేసి అడిగితే వాళ్లు కూడా అవును సర్ అది ఎక్స్‌ట్రా అన్నారు.

తర్వాత జరిగింది నేను ఇప్పటికీ మర్చిపోలేకపోతున్నాను. రోడ్డు దిగి కొంతదూరం పోయాక పొదల దగ్గర చింకారాలు కనబడ్డాయి, ఒక తల్లి, పక్కన పిల్ల. మేం ఫోన్లు తీసే లోపే డ్రైవరు గేరు మార్చి వాటి వెంట పడ్డాడు. తల్లి ఇటు తిరిగితే ఇటు, అటు తిరిగితే అటు. పిల్ల వెనకబడిపోయింది. తల్లి ఒకచోట ఆగి వెనక్కి చూసింది, డొక్కలు ఎగిరెగిరి పడుతున్నాయి, నోరు తెరిచి రొప్పుతోంది, జీపు అంత దగ్గర ఉన్నా కదల్లేదు, పిల్ల కోసం చూస్తోంది. మా చిన్నది ఏడుపు లంకించుకుంది. మా ఆయన డ్రైవరు భుజం పట్టుకుని ఆపించారు. అతను నిజంగానే ఆశ్చర్యపోయాడు. అందరూ ఇదే అడుగుతారు సాబ్, వీడియో బాగా వస్తుంది అన్నాడు. ఆ అబ్బాయికి ఇరవై ఏళ్లు కూడా ఉండవేమో, రోజు కూలీకి నడుపుతున్నాడు, నా కోపం అతని మీద కాదు. అతన్ని ఆ పనికి పంపి, మన దగ్గర నేచురలిస్ట్ పేరుతో డబ్బు తీసుకున్నవాళ్ల మీద.

చింకారా రాజస్థాన్ రాష్ట్ర జంతువు, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో మొదటి షెడ్యూల్‌లో, అంటే గట్టి రక్షణ ఉన్న జంతువుల జాబితాలో ఉంది. ఆ చట్టంలో వేట అంటే చంపడం ఒక్కటే కాదు, వెంటపడి తరమడం కూడా వేట కిందికే వస్తుంది. అంటే ఆ జీపులో కూర్చున్న మనం కూడా చిక్కుల్లో పడొచ్చు. వద్దని చెప్పండి, వినకపోతే దిగిపోయి ఫారెస్ట్ వాళ్లకు చెప్పండి. మేం జీపు నంబరు ఫొటో తీసుకుని మర్నాడు ఫారెస్ట్ ఆఫీసులో రాసిచ్చాం.

ఆ రాత్రి నిద్ర లేదు. కల్బేలియా నృత్యం, మాంగణియార్ల పాట అని రాసుకున్నారు, పాపం వాళ్లు నిజంగా అద్భుతంగా పాడారు, ఒక పెద్దాయన కమాయిచా వాయిస్తుంటే కళ్లు చెమర్చాయి. అరగంటకే వాళ్లను పక్కకు పంపేసి డీజే పెట్టారు. అర్ధరాత్రి దాటాక కూడా సినిమా పాటలు, చుట్టుపక్కల క్యాంపుల మైకులు అదనం. ఆరుబయట రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు లౌడ్‌స్పీకర్లు వాడకూడదని 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల్లోనే ఉంది. మేనేజరుకు చెబితే ఎంజాయ్ చేయండి మేడం, అందరూ దీనికోసమే వస్తారు అన్నాడు. కావచ్చు. పార్టీ కోసం వెళ్లేవాళ్లతో నాకు గొడవ లేదు. కానీ నాకు అమ్మింది ‘ఎడారి నిశ్శబ్దంలో వన్యప్రాణుల మధ్య ఒక రాత్రి’. ఆ మాటలు స్క్రీన్‌షాట్‌లో ఉన్నాయి.

మర్నాడు లాడ్జి కార్యక్రమం వదిలేసి జైసల్మేర్‌లోని డెజర్ట్ నేషనల్ పార్క్ ఆఫీసుకు వెళ్లి, అనుమతి తీసుకుని, పిట్టల మీద అవగాహన ఉన్న ఒక స్థానిక గైడుతో సుదాసరి వైపు వెళ్లాం. దానికైన మొత్తం ఖర్చు లాడ్జి ‘సఫారీ’ ఖర్చులో చిన్న ముక్క. బాట దిగకుండా, నెమ్మదిగా, ఆగి ఆగి తీసుకెళ్లాడు. చింకారాలు మమ్మల్ని చూసి కూడా మేస్తూనే ఉన్నాయి. ఒక ఎడారి నక్క బొరియ ముందు ఎండ కాచుకుంటూ కనబడింది. బట్టమేక కనబడలేదు. గైడు ముందే చెప్పాడు, కనబడొచ్చు, కనబడకపోవచ్చు, గడ్డిలో కూర్చుంటే పక్కనుంచి పోయినా తెలియదు అని. అత్తయ్యగారు మాత్రం ఆ గడ్డి వాసనకే సంతోషపడ్డారు. నిజాయితీగా చెప్పి చూపించేవాళ్లు అక్కడ ఉన్నారని చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను. ఆ ఎడారికి వెళ్లొద్దు అని నేను అనడం లేదు, తప్పకుండా వెళ్లండి.

ఇక బుక్ చేసే ముందు ఏం అడగాలి అంటే, మొదటిది, సఫారీ ఎక్కడ జరుగుతుంది, చోటు పేరు చెప్పమనండి. సమ్ ఇసుక దిబ్బలు, ఖురీ ఇసుక దిబ్బలు అంటే అది జీపు షికారే. ఫారెస్ట్ అనుమతి ఎవరు తీసుకుంటారు, ఆ టికెట్ మన రేటులో ఉందా అని అడగండి. ఈ ప్రశ్నకు తడబడితే వాళ్లకు ఆ అనుమతితో పనే లేదన్నమాట. లాడ్జి లొకేషన్ పిన్ పంపమని, శాటిలైట్ వ్యూలో మీరే చూసుకోండి, చుట్టూ తెల్లటి టెంట్ల వరసలు ఉంటే ఏకాంతం మాట మర్చిపోండి. రాత్రి సంగీతం ఎన్నింటికి ఆపుతారో రాసివ్వమనండి. బుకింగ్ సైట్లలో రేటింగ్ చూసి ఊరుకోకుండా తక్కువ మార్కులు ఇచ్చినవాళ్ల మాటలు చదవండి, డీజే, జనరేటరు అనే పదాల కోసం వెతకండి.

డబ్బు విషయంలో ఇంకా జాగ్రత్త. మమ్మల్ని మొత్తం ముందే కట్టమన్నారు, యూపీఐలో పంపబోతే కంపెనీ పేరు బదులు ఎవరో వ్యక్తి పేరు వచ్చింది. మా ఆయన పట్టుబట్టి సగం క్రెడిట్ కార్డు మీద కట్టారు, ఇప్పుడు ఆ సగం మీదే బ్యాంకులో డిస్ప్యూట్ వేయగలిగాం. గది అద్దె రాత్రికి 7,500 దాటితే జీఎస్టీ 18 శాతం, అది వాళ్లు వసూలు చేశారు గానీ ఇచ్చిన కాగితం మీద జీఎస్టీ నంబరే లేదు. బిల్లు అడిగితే మెయిల్ చేస్తాం అన్నారు, నాలుగుసార్లు గుర్తుచేస్తే గానీ రాలేదు. నంబరు ఉంటే జీఎస్టీ పోర్టల్‌లో కొట్టి చూడండి, ఏ పేరు మీద ఉందో తెలిసిపోతుంది. బిల్లులో సర్వీస్ చార్జి అని కలిపితే తీసేయమనండి. వాళ్లంతట వాళ్లు కలపకూడదని 2022లోనే వినియోగదారుల పరిరక్షణ ప్రాధికార సంస్థ మార్గదర్శకాలు ఇచ్చింది.

మోసపోయినవాళ్లు అంత దూరం వెళ్లి ఎవరు పోట్లాడతారులే అని వదిలేస్తారు. లాడ్జి వాళ్ల ధైర్యం కూడా అదే. 2019 వినియోగదారుల చట్టం ప్రకారం మీరు ఉండే ఊరి జిల్లా కమిషన్‌లోనే కేసు వేయొచ్చు, జైసల్మేర్ పోనక్కర్లేదు. కట్టిన డబ్బు 5 లక్షల లోపు అయితే ఫీజు లేదు, ఆన్‌లైన్‌లోనే దాఖలు చేయొచ్చు, లాయరు తప్పనిసరి కాదు. అంతకంటే ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 నంబరుకు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించండి. మేం అలా చేసిన తర్వాతే లాడ్జి మేనేజరు తనంతట తాను ఫోన్ చేసి సఫారీ డబ్బు వెనక్కి ఇస్తాం, ఫిర్యాదు తీసేయండి అన్నాడు. గది డబ్బు గురించి మాట్లాడలేదు, మేం ఒప్పుకోలేదు. ఇంకో సంగతి, మేం వచ్చాక వాళ్ల వెబ్‌సైట్‌లో ‘నేచురలిస్ట్‌తో వైల్డ్‌లైఫ్ సఫారీ’ అన్నది ‘డెజర్ట్ అడ్వెంచర్’గా మారిపోయింది. పాత స్క్రీన్‌షాట్లు లేకపోతే మా చేతిలో ఏమీ ఉండేది కాదు. కాబట్టి బుక్ చేసే రోజే ప్రకటన మొత్తం, ఫొటోలతో సహా, తేదీ కనబడేలా దాచుకోండి.

ఇప్పటికే అడ్వాన్సు కట్టేసినవాళ్లు ఉంటే, ఈ రోజే లాడ్జికి మెయిల్ పెట్టండి: సఫారీ ఏ చోట, ఎవరి అనుమతితో, ఎవరు తీసుకెళ్తారు, రాత్రి మైకు ఎప్పుడు ఆపుతారు. ఫోన్లో చెప్తాం అంటే ఒప్పుకోకండి, రాతలోనే కావాలనండి. జవాబు రాకపోతే క్యాన్సిల్ గడువు దాటకముందే రద్దు చేసుకుని, జైసల్మేర్ ఊళ్లోనే ఒక మంచి హోటల్లో దిగి, పార్కు ఆఫీసుకు మీరే వెళ్లండి.