ఒకటో పిక్ హాడ్జ్, మూడో పిక్ జడ్: ఎవరు మేలు?

మెల్‌బోర్న్‌లో ఉద్యోగం చేసే మనవాళ్ళ చెవిన ఈ వాదన ఎప్పుడో ఒకప్పుడు పడే ఉంటుంది. సోమవారం పొద్దున కాఫీ దగ్గర ఫూటీ (ఆస్ట్రేలియన్ ఫుట్‌బాల్) కబుర్లు మొదలయ్యాయంటే, తిరిగి తిరిగి 2001 డ్రాఫ్ట్ (క్లబ్బులు వంతులవారీగా కొత్త కుర్రాళ్ళని ఎంచుకోవడం) దగ్గరికి వస్తాయి. ఆ ఏడాది ఒకటో పిక్‌తో హాథార్న్ క్లబ్ ల్యూక్ హాడ్జ్‌ని తీసుకుంది. రెండో పిక్‌తో సెయింట్ కిల్డా ల్యూక్ బాల్‌ని తీసుకుంది. మూడోది పెర్త్ క్లబ్ వెస్ట్ కోస్ట్‌ది. వాళ్ళకి క్రిస్ జడ్ దక్కాడు. మరి హాథార్న్ పొరపాటు చేసిందా?

ఐపీఎల్ వేలం చూసి అలవాటైనవాళ్ళకి ఒక మాట చెప్పాలి. ఇక్కడ పాట పాడడం ఉండదు. ముందు సీజన్‌లో అట్టడుగున నిలిచిన జట్టుకి మొదటి ఎంపిక. పద్దెనిమిదేళ్ళ కుర్రాడికి ఏ ఊరు కావాలో అడిగే హక్కు లేదు. ఏ క్లబ్ పేరు పిలిస్తే అక్కడికి పెట్టె సర్దుకోవాల్సిందే. అయితే క్లబ్బులు తమ పిక్‌లను మార్చుకోవచ్చు. 2001లో హాథార్న్ అడుగున లేదు, ప్రిలిమినరీ ఫైనల్ (సెమీస్ లాంటిది) దాకా వెళ్ళిన జట్టు. ఆఖరున ఉన్నది ఫ్రీమాంటిల్. ట్రెంట్ క్రోడ్, ల్యూక్ మెక్‌ఫార్లిన్ అనే ఇద్దరు ఆటగాళ్ళని వాళ్ళకిచ్చి, హాథార్న్ 1, 20, 36 నంబర్ల పిక్‌లు తెచ్చుకుంది. అంటే హాడ్జ్ ఉత్తినే రాలేదు.

జడ్ ఆట చూసినవాళ్ళు మరిచిపోరు. బంతి కోసం పదిమంది మూగిన చోట నుంచి ఒక్క ఉదుటున బయటికొచ్చి, పట్టుకోబోయినవాళ్ళు తేరుకునేలోపు పది గజాలు దాటేసేవాడు. 21 ఏళ్ళకే 2004లో, సీజన్ ఉత్తమ ఆటగాడికిచ్చే బ్రౌన్‌లో మెడల్ గెలిచాడు. 2005 గ్రాండ్ ఫైనల్‌లో (టైటిల్ తేల్చే ఆఖరి మ్యాచ్) జట్టు సిడ్నీ చేతిలో 4 పాయింట్ల తేడాతో ఓడిపోయినా, మైదానంలో అందరికంటే బాగా ఆడినవాడికిచ్చే నార్మ్ స్మిత్ మెడల్ అతనికే ఇచ్చారు. మరుసటి ఏడాది గ్రాండ్ ఫైనల్‌లో కెప్టెన్‌గా అదే సిడ్నీని ఒక్క పాయింట్‌తో ఓడించాడు. డ్రాఫ్ట్‌కి ముందు అతని భుజాల గురించి అందరికీ టెన్షన్. ఆ భుజాలతోనే 279 మ్యాచ్‌లు ఆడాడు.

హాడ్జ్ అంత తొందరగా వెలగలేదు. అతని గొప్పతనం వేరే రకం. డిఫెన్స్‌లో నిలబడి ఎవరెక్కడ ఉండాలో చేతులతో చూపిస్తూ, జట్టు మొత్తాన్నీ నడిపేవాడు. 2008 గ్రాండ్ ఫైనల్‌కి ఎదురుగా ఉన్నది ఆ సీజన్‌లో ఒకే ఒక్క మ్యాచ్ ఓడిన జీలాంగ్. హాడ్జ్ విరిగిన పక్కటెముకలతో ఆడి, జట్టుని గెలిపించి, నార్మ్ స్మిత్ కొట్టేశాడు. 2014లో ఇంకోటి. 2013, 2014, 2015 వరసగా మూడు ప్రీమియర్‌షిప్‌లకి (లీగ్ టైటిళ్ళకి) కెప్టెన్. మొత్తం 346 మ్యాచ్‌లు. బ్రౌన్‌లో మెడల్ మాత్రం ఒక్కటీ లేదు, జడ్‌కి రెండు (రెండోది 2010లో). బ్రౌన్‌లో మెడల్ లీగ్ దశ మ్యాచ్‌లకి అంపైర్లు వేసే ఓట్లతో వస్తుంది, ఫైనల్స్ లెక్కలోకి రావు. ఏడాది పొడుగునా చూస్తే జడ్, గ్రాండ్ ఫైనల్ జరిగే సెప్టెంబర్ ఆఖరి శనివారం చూస్తే హాడ్జ్.

నాలుగు ప్రీమియర్‌షిప్‌లు ఒకదానికంటే ఎక్కువ కదా అని చర్చ ముగించేవాళ్ళని చూస్తే నాకు చిరాకు. ఆ నాలుగూ హాడ్జ్ ఒక్కడే గెలవలేదు. 36వ పిక్‌తో వచ్చిన శామ్ మిచెల్ 2008లో కెప్టెన్.

హాడ్జ్ హాథార్న్‌లో పదహారు సీజన్లు ఉండిపోయాడు, జడ్ ఆరేళ్ళకే వెళ్ళిపోయాడు అనే వాదనా అంతే. జడ్ మెల్‌బోర్న్ కుర్రాడు. పెర్త్‌లో ఆరేళ్ళున్నాక ఇంటికి రావాలనిపించి 2007 ఆఖర్లో కార్ల్‌టన్‌కి వచ్చాడు. హాథార్న్ మెల్‌బోర్న్ క్లబ్బే కదా, అక్కడుంటే ఏ ఇంటికి పోతాడు? పైగా వెస్ట్ కోస్ట్ నష్టపోయిందీ లేదు. జడ్‌కి బదులు వచ్చిన జోష్ కెనెడీ, ఆ ట్రేడ్‌లో దక్కిన పిక్‌తో తీసుకున్న క్రిస్ మాస్టెన్ ఇద్దరూ 2018 ప్రీమియర్‌షిప్ జట్టులో ఉన్నారు. జడ్ ఉండగా కార్ల్‌టన్ ఒక్కటీ గెలవలేదు.

బాల్ సంగతి రెండు ముక్కల్లో చెప్తాను. 2009లో సెయింట్ కిల్డాని వదిలి మళ్ళీ డ్రాఫ్ట్‌లో నిలబడ్డాడు. కాలింగ్‌వుడ్ 30వ పిక్‌తో తీసుకుంది. ఏడాది తిరక్కుండానే, డ్రా అయిన గ్రాండ్ ఫైనల్ రీప్లేలో పాత జట్టు మీదే గెలిచాడు. మంచి ఆటగాడే, కానీ ఈ పోటీలో మూడోవాడు.

ఆటగాడిగా అడిగితే నా ఓటు జడ్‌కే, తడుముకోను. హాథార్న్‌కి ఎవరు మేలు అంటే మాత్రం హాడ్జ్ అంటాను, అదీ హాక్స్ (హాథార్న్) అభిమానులు ఒప్పుకోని కారణంతో. 2004లో హాథార్న్ 16 జట్లలో 15వ స్థానానికి పడిపోయింది. అందుకే ఆ ఏడాది 2, 5 పిక్‌లు వచ్చాయి. వాటితో వచ్చినవాళ్ళే తర్వాత గోల్స్ కొట్టి టైటిళ్ళు తెచ్చిన జారిడ్ రఫ్‌హెడ్, బడ్డీ ఫ్రాంక్లిన్. అదే 2004లో జడ్ బ్రౌన్‌లో మెడల్ గెలిచే ఆట ఆడుతున్నాడు. అతను హాథార్న్ జెర్సీలో ఉంటే జట్టు అంత కిందికి పడేదా? పడకపోతే బడ్డీ ఏ జట్టుకి పోయేవాడో! హాడ్జ్ నిదానంగా ఎదగడమే హాథార్న్‌కి కలిసొచ్చిందని నా లెక్క. ఇది ఊహే, కాఫీ దగ్గర చెప్తే ఎవరూ ఊరుకోలేదు.

మరి హాడ్జ్ కోసం ఫ్రీమాంటిల్‌కి ఇచ్చేసినవాళ్ళు? మెక్‌ఫార్లిన్ 2015 దాకా అక్కడే ఆడాడు. క్రోడ్ రెండు సీజన్లకే హాథార్న్‌కి తిరిగొచ్చేశాడు. 2008 గ్రాండ్ ఫైనల్‌లో హాడ్జ్ పక్కటెముకలు పట్టుకుని ఆడుతుంటే, అదే జట్టులో ఉన్న క్రోడ్‌కి పాదం ఎముక విరిగింది. ప్రీమియర్‌షిప్ మెడల్ మెడలో పడింది కానీ, మళ్ళీ అతను మైదానంలోకి దిగలేదు.