హ్యారీ రైటా, క్యాప్ యాన్సనా: జట్టు ఎవరి చేతిలో ఉంటే మేలు?

జీతాలిచ్చి బేస్‌బాల్ ఆడించడం మొదలైన రోజుల్లో అమెరికాలో చాలా జట్లకు మేనేజర్ కూడా ఆటగాడే. అలా రెండు పనులూ చేసినవాళ్లలో నాకు ఎప్పుడూ పక్కపక్కనే గుర్తొచ్చేది ఈ ఇద్దరు, హ్యారీ రైట్, క్యాప్ యాన్సన్.

గెలుపులు మాత్రమే లెక్కపెడితే యాన్సన్‌ను కాదనడం కష్టం. 1879 నుంచి 1897 దాకా షికాగో జట్టును నడిపి అయిదు లీగ్ టైటిళ్లు తెచ్చాడు. 1880లో ఆ జట్టు 67 గెలిచి 17 మాత్రమే ఓడింది. ఒకే పిచ్చర్‌ను (బంతి విసిరే ఆటగాణ్ని) అరిగిపోయేదాకా వాడే ఆ కాలంలో ఆయన ఇద్దరిని మార్చిమార్చి వాడాడు. 1886లో సీజన్‌కు ముందు ఆటగాళ్లను ఆర్కాన్సా రాష్ట్రంలోని హాట్ స్ప్రింగ్స్‌కు తీసుకెళ్లి ఒళ్లు వంచి సాధన చేయించాడు. ఫస్ట్ బేస్ దగ్గర ఫీల్డింగ్ చేస్తూ, బ్యాట్‌తోనూ ముందుండేవాడు.

హ్యారీ మాత్రం క్రికెట్ నుంచి వచ్చినవాడు. 1835లో ఇంగ్లాండ్‌లోని షెఫీల్డ్‌లో పుట్టాడు. తండ్రి న్యూయార్క్‌లో ఒక క్రికెట్ క్లబ్బుకు జీతం మీద ఆడేవాడు. హ్యారీ సిన్సినాటి వెళ్లింది కూడా క్రికెట్ ఉద్యోగం మీదే. 1869లో అక్కడే, ఆటగాళ్లందరికీ జీతాలిస్తున్నామని దాపరికం లేకుండా చెప్పిన మొదటి బేస్‌బాల్ జట్టు రెడ్ స్టాకింగ్స్‌ను తయారుచేశాడు. పది మందికి కలిపి 9,300 డాలర్లు. హ్యారీకి 1,200, షార్ట్‌స్టాప్‌గా, అంటే రెండో, మూడో బేస్‌ల మధ్య ఫీల్డింగ్ చేసే తమ్ముడు జార్జ్‌కు 1,400. నడిపేవాడికన్నా బాగా ఆడేవాడికే ఎక్కువ! అప్పుడే పూర్తయిన రైలు మార్గంలో శాన్‌ఫ్రాన్సిస్కో దాకా వెళ్లి ఆడారు. ఆ ఏడాది 57 మ్యాచ్‌లు గెలిచారు, ఒక్కటీ ఓడలేదు.

కానీ నాకు హ్యారీ మీద గౌరవం కలిగింది ఆయన ఓడిన రోజు చూసి. 1870 జూన్ 14న బ్రూక్లిన్‌లో అట్లాంటిక్స్‌తో మ్యాచ్. తొమ్మిది ఇన్నింగ్స్ అయ్యేసరికి 5-5. సమానంగా ముగిస్తే చాలని అవతలి జట్టు సంబరాలు మొదలుపెట్టింది, జనం మైదానంలోకి వచ్చేశారు. హ్యారీ కూడా సరేనంటే ఓటమి లేని రికార్డు పదిలంగా ఉండేది. ఆయన ఒప్పుకోలేదు. నియమం ప్రకారం ఆట కొనసాగాల్సిందేనని పట్టుబట్టాడు. పదకొండో ఇన్నింగ్స్‌లో రెండు పరుగులు తీసి ముందుకెళ్లారు కూడా. తర్వాత అట్లాంటిక్స్ మూడు తీశారు. 8-7. అంత టెన్షన్‌లోనూ రికార్డు కన్నా ఆట ముఖ్యమనుకున్న మనిషి కాబట్టే నా ఓటు ఆయనకు.

తర్వాత బోస్టన్‌లో 1872 నుంచి 1875 వరకు వరసగా నాలుగు టైటిళ్లు, 1877, 1878లో మరో రెండు. లెక్కలోనూ ఆయన తక్కువేం కాదు. ఫిలడెల్ఫియాలో మాత్రం పదేళ్లున్నా టైటిల్ రాలేదు. అయితే ఆయన చేతికి వచ్చే ముందు ఏడాది ఆ జట్టు 81 మ్యాచ్‌లు ఓడిందని మరిచిపోకూడదు.

యాన్సన్ విషయంలో నేను దాటలేని గోడ ఒకటుంది. 1883లో టొలీడో జట్టులో నల్లజాతి ఆటగాడు మోజెస్ ఫ్లీట్‌వుడ్ వాకర్ ఉంటే ఆడనని మొండికేశాడు. టికెట్ డబ్బులు పోతాయని తెలిశాక దిగొచ్చాడు. 1887 జులై 14న నెవార్క్‌లో ఆ ఊరి జట్టు నల్లజాతి పిచ్చర్ జార్జ్ స్టోవీ విషయంలో ఆయన అభ్యంతరం నెగ్గింది, స్టోవీ బంతి వేయలేదు. నల్లజాతి వాళ్లతో కొత్త ఒప్పందాలు వద్దని ఇంటర్నేషనల్ లీగ్ అనే చిన్న స్థాయి లీగ్ తీర్మానించిందీ ఆ రోజే. హ్యారీ జట్లలోనూ నల్లజాతి ఆటగాళ్లు లేరు, ఆ తప్పులో ఆయనకూ వాటా ఉంది. కానీ అంత పేరున్న మనిషి తన పలుకుబడినంతా ఒకరిని బయటికి నెట్టడానికి వాడటం వేరు. పెద్ద లీగుల్లో ఆ తలుపు మళ్లీ తెరుచుకుంది 1947లో, నల్లజాతి ఆటగాడు జాకీ రాబిన్‌సన్‌తో.

యాన్సన్ వెళ్లిపోయాక పత్రికలు షికాగో జట్టును ‘అనాథలు’ అని పిలిచాయి. ఆ జట్టుకు ఆయన తండ్రిలాంటివాడన్నది నిజమే. స్టోవీ లాంటివాడు నా జట్టులో ఉంటే మాత్రం దాన్ని ఆయన చేతిలో పెట్టను.