కబొంబా కట్ట కొనేముందు మీ ఇంటి నీళ్ళు చూసుకోండి

నీళ్ళు మంచివైతే, రెండడుగుల చేపల ట్యాంకుకి పచ్చ కబొంబాని మించిన నీటిమొక్క లేదని నా అభిప్రాయం. నేరుగా బోరు నీళ్ళు పోసే ట్యాంకుకి మాత్రం ఇది వద్దు. హైదరాబాదులో నిజాంపేట, బాచుపల్లి, ప్రగతినగర్ వైపు అపార్టుమెంట్లలో ఉండేవాళ్ళు ఈ రెండో మాట గుర్తుపెట్టుకోండి. మనలో చాలామంది కుళాయిలో వచ్చేది బోరో, ట్యాంకరో.

నేను కొన్నది ప్రగతినగర్ వెళ్ళే దారిలో ఒక చిన్న షాపులో. కట్ట 60 రూపాయలు. కబొంబా కావాలని అడిగితే ఆ పెద్దాయన వెంటనే తీసి కవర్లో వెయ్యలేదు.

"మీది బోరా, మంజీరా నది నీళ్ళా అమ్మా?"

"బోరేనండీ."

"ఆ నీళ్ళలో కందిపప్పు ఉడుకుతుందా?"

"ఎక్కడండీ, వంటకి ఫిల్టర్ నీళ్ళే వాడతాం."

"అయితే దీనికీ అవే పొయ్యండి. సగం ఫిల్టర్ నీళ్ళు, సగం బోరు. అంత ఓపిక లేదంటే ఇది తీసుకోకండి, హార్న్‌వర్ట్ అనే నీటిమొక్క పట్టుకెళ్ళండి. 30 రూపాయలే."

ఎక్కువ రేటుది అమ్ముకునే అవకాశం ఉండి కూడా తక్కువది తీసుకోమని చెప్పే షాపులు ఎన్ని ఉన్నాయి? ఈ రివ్యూ రాస్తున్నది ముఖ్యంగా ఆయన కోసం.

ఆయన అడిగిన పప్పు ప్రశ్నలో చాలా విషయం ఉంది. కబొంబా తిండి నీళ్ళలో కరిగి ఉండే కార్బన్ డయాక్సైడు. పప్పు ఉడకని బోరు నీళ్ళలో సాధారణంగా కాల్షియం, బైకార్బొనేట్ రెండూ ఎక్కువగానే ఉంటాయి. పీహెచ్ కూడా ఎక్కువైతే ఆ వాయువు అలాగే మిగలదు, చాలావరకు బైకార్బొనేటుగానే ఉంటుంది. దాన్ని కబొంబా సరిగా వాడుకోలేదు. హార్న్‌వర్ట్ వాడుకోగలదు. అందుకే ఒకే గదిలో, ఒకే లైటు కింద ఒకటి ఏపుగా పెరిగి, ఇంకోటి కింద నుంచి ఆకులు రాల్చుకుంటూ వస్తుంది. మా బోరు నీళ్ళలో కరిగిన లవణాల కొలత, అంటే టీడీఎస్, 900 దాటుతుంది. ఇప్పుడు ట్యాంకులో సగం ఆర్వో నీళ్ళు కలుపుతున్నాం, వారం వారం మార్చేటప్పుడు కూడా అదే పాళ్ళు.

అలా పెరిగిన కబొంబాని ఒకసారి దగ్గర నుంచి చూడాలి. కాడకి రెండు పక్కలా ఎదురెదురుగా ఆకులు, ప్రతి ఆకుకీ సన్నటి తొడిమ. ఆ తొడిమ చివర ఆకు రెండుగా చీలి, ఆ రెండూ మళ్ళీ చీలి, దారాల్లాంటి పోగులై చిన్న విసనకర్రలా విచ్చుకుంటుంది. లైటు వేసిన కొన్ని గంటలకి ఆ పోగుల మీద ఆక్సిజన్ బుడగలు ఆవగింజంత కూడా లేనివి వరసగా అంటుకుంటాయి. గప్పీ పిల్లలు ఆ పోగుల మధ్యకి దూరిపోతే పెద్ద చేపలకి దొరకవు. మా ట్యాంకులో ఇప్పుడున్న గప్పీల్లో సగం అలా బతికి పెద్దయినవే.

కట్ట ఇంటికి తెచ్చాక నేరుగా ఇసుకలో గుచ్చకండి. కింద స్పాంజి చుట్టి, సీసం పట్టీ బిగించి ఉంటుంది. అది తీసి చూస్తే లోపల కాడలు గోధుమరంగుకి తిరిగి మెత్తబడి ఉంటాయి. అంతవరకూ కత్తిరించి పడేసి, కింది ఆకులు రెండు వరసలు గిల్లి, ఒక్కొక్క కాడనీ విడివిడిగా, మధ్యలో రెండు వేళ్ళ ఎడం వదిలి నాటాలి. గుత్తిగా నాటితే లోపలి కాడలకి వెలుతురు అందక ఆకులు రాలతాయి, రాలినవన్నీ ఫిల్టర్ స్పాంజిలో చేరతాయి. లైటు రోజుకి ఎనిమిది గంటలు, కాస్త గట్టిదే కావాలి. ట్యాంకుతో పాటు ఇచ్చే చిన్న నీలం లైటు సరిపోదు. నత్తల టెన్షన్ ఉన్నవాళ్ళు నాటేముందు పటిక నీళ్ళలో ముంచి, మంచినీళ్ళతో బాగా కడిగి వాడుకోవచ్చు.

గోల్డ్‌ఫిష్ ఉన్న ఇంట్లో డబ్బులు దండగ. తినేస్తాయి.

ఆన్‌లైన్‌లో కొనడం గురించి కూడా చెప్పాలి. ఇంతకుముందు ఒక ఆన్‌లైన్ అమ్మకందారు దగ్గర కబొంబా అని ఆర్డర్ పెడితే వచ్చింది అంబూలియా అనే వేరే మొక్క, అదీ సగం కుళ్ళి జిగురుగా. ఫోటో పంపితే "ఫోటోలో చూపించిన మొక్కే పంపాం మేడమ్" అన్నారు. నాకు చాలా కోపం వచ్చింది. తేడా తెలుసుకోవడం కష్టమేమీ కాదు. అంబూలియాకి ఆకులు తొడిమ లేకుండా కాడ చుట్టూ వలయంగా వస్తాయి, కబొంబాకి ఎదురెదురుగా జతలుగా వస్తాయి. నిజానికి అంబూలియా మన దేశపు మొక్కే, వరి మళ్ళలో కలుపుగా కూడా మొలుస్తుంది. ట్యాంకులో అందంగానే ఉంటుంది, కబొంబా అంత గారాబం అక్కర్లేదు. కానీ డబ్బు తీసుకున్నాక అడిగింది ఇవ్వాలి కదా.

ఏప్రిల్, మే నెలల్లో నీళ్ళు 30 డిగ్రీలు దాటితే కబొంబా కాడలు సన్నబడి, కణుపుల మధ్య దూరం పెరిగి పీలగా అవుతుంది. నీళ్ళ మీదకి గాలి తగిలేలా చిన్న ఫ్యాన్ పెడితే రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది. ఆవిరైన మేరకు ఫిల్టర్ నీళ్ళే పోస్తే చాలు.

ఒక్క విషయం మాత్రం బతిమాలి చెబుతున్నాను. కత్తిరించిన ముక్కల్ని చెరువులో పడేయకండి, మురుగుకాలవలో కూడా వద్దు. కణుపున్న చిన్న ముక్క నుంచి మొత్తం మొక్క వస్తుంది. 2020లో కేరళలో కోళికోడ్ జిల్లా ఆవళ పాండిలో వాగు నిండా గులాబీ రంగు పూలు పూశాయని జనం ఎగబడి చూడటానికి వెళ్ళారు. ఆ పూలు కబొంబా జాతిలోనే ఇంకో రకానివి, దక్షిణ అమెరికా నుంచి వచ్చినది. ఫోటోలు అందంగానే ఉన్నాయి, కింద నీళ్ళలో వేరే మొక్కకి చోటు లేదు. మనం పెంచే పచ్చ రకాన్ని ఆస్ట్రేలియాలో జాతీయ స్థాయి కలుపు మొక్కల జాబితాలో పెట్టారు, యూరోపియన్ యూనియన్ 2016లో తన నిషేధిత జాబితాలో చేర్చింది. మన ప్రగతినగర్ చెరువు ఇప్పటికే గుర్రపుడెక్కతో అవస్థ పడింది. ముక్కల్ని ఎండలో కరకరలాడేలా ఎండబెట్టి పూలకుండీల్లో వేస్తే మంచి ఎరువు.

మొక్కకి నా మార్కులు ఐదుకి నాలుగు, బోరు నీళ్ళ ఇళ్ళకైతే ఒకటి. షాపుకి ఐదుకి ఐదు. కొత్త స్టాకు శుక్రవారం సాయంత్రం దిగుతుంది. శనివారం పొద్దున వెళ్తే కట్టలు విప్పి చూపిస్తారు కూడా. ఆదివారం సాయంత్రానికి మిగిలేవి ఆకు రాలినవే, అవి ఆయనే వద్దంటారు.